డార్క్‌రూమ్ స్టూలు

డిగ్రీలో నాకు ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌కి యాభైకి నలభై ఏడు వచ్చాయి. ఆ నలభై ఏడులో డార్క్‌రూమ్ ప్రయోగాల మార్కులన్నీ పక్క బెంచీ అబ్బాయి రికార్డు చూసి రాసినవే. నేను చదివిన కాలేజీలో ఆడపిల్లలు డార్క్‌రూమ్‌లోకి వెళ్ళేవారు కాదు. వెళ్ళొద్దని ఎవరూ నోటీసు అంటించలేదు. "మీరిక్కడే కూర్చోండమ్మా, రీడింగులు వాళ్ళు తెస్తారు" అనేవారు మా సారు. మేం కూర్చునేవాళ్ళం. ఎమ్మెస్సీలో కూడా జట్టులో ఎవరో ఒకరు చేస్తుంటే నేను పక్కన నిలబడి అంకెలు రాసుకున్నాను. అందరూ నా దస్తూరీ మెచ్చుకున్నారు. 2004 జులైలో భద్రాచలంలో ఒక కాలేజీకి గెస్టు లెక్చరర్‌గా వచ్చేటప్పుడు ఈ సంగతి బయటపడకూడదని ఒకటే భయం. వచ్చిన వారానికే ఒక మనిషికి తెలిసిపోయింది. ఆవిడే విశ్రాంతమ్మ, మా ఫిజిక్స్ ల్యాబు అటెండరు.

విశ్రాంతమ్మకు అప్పటికి యాభై మూడేళ్ళు. బూర్గంపాడు మనిషి. రోజూ ఆటోలో గోదావరి వంతెన దాటి వచ్చేది. ఆ ఉద్యోగం అసలు వాళ్ళాయనది, ఆయన పేరు మార్కు. 1991లో ఆయన జ్వరంతో దవాఖానాలో చనిపోతే ఈవిడకిచ్చారు. పదో తరగతి తప్పింది, పిల్లల్లేరు. కాలేజీలో మిగతా అటెండర్లందరూ మగవాళ్ళు. వాళ్ళు ఆఫీసు మెట్ల మీద కూర్చుని టీ తాగుతుంటే ఈవిడ ల్యాబు తలుపు పక్కన డబ్బా విప్పుకుని ఒక్కతే తినేది. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు ల్యాబు. ఈ రెండూ కాక ఆవిడకి మూడో చోటు ఉన్నట్టు నాకెప్పుడూ కనిపించలేదు.

ఆవిడకి నా బండారం తెలిసింది స్పెక్ట్రోమీటరు దగ్గర. అదేం వింత వస్తువు కాదు. గుండ్రటి ఇనప దిమ్మ, దానికి ఒకవైపు దీపం వెలుగు వచ్చే గొట్టం, ఇంకోవైపు కన్ను పెట్టి చూసే టెలిస్కోపు, మధ్యలో అరచేయంత బల్ల. బల్ల మీద గాజు పట్టకం పెడితే వెలుగు రంగు గీతలుగా విడిపోతుంది. ఏ గీత ఎంత వంగిందో కొలవాలి. చుట్టూ చీకటిగా ఉంటేనే గీతలు స్పష్టంగా కనబడతాయి, అందుకే దాన్ని డార్క్‌రూమ్‌లో పెడతారు. మా డిపార్ట్‌మెంటు హెడ్డు రామ్‌చందర్ సారు, సెకండియర్ వాళ్ళకి అది చూపించమని నాకు పురమాయించారు. పుస్తకం బట్టీపట్టి ముందుగా ఒక్కదాన్నే వెళ్ళి చూసుకుందామనుకున్నాను. పుస్తకంలో ఉన్న బొమ్మకి చేతికింద ఉన్న మరలకి పొంతనే లేదు. ఏదో ఒకటి తిప్పబోయాను.

"ఆ మరకు నూనె లేదు మేడం, జర ఆగుండ్రి," అంటూ తలుపు దగ్గర నుంచి విశ్రాంతమ్మ వచ్చింది. "గిది తిప్పితే గొట్టం జరుగుతది. గిది బిగిస్తే ఆగుతది. దీనికి నూనె ఎయ్యాలె, దీనికొద్దు." చుట్టుపక్కల ఎక్కడా నూనె సీసా లేదు. ఆవిడ చేతిలో పాత గుడ్డ పీలిక ఒకటి ఉంది, అంతే. నా ముఖం చూడకుండా దిమ్మ తుడుస్తూ, "రేపు పొద్దుగాల తొమ్మిదింటికి రాండ్రి, నిమ్మళంగ నూనె ఏద్దాం" అంది.

వారం రోజులు తొమ్మిదింటికి వెళ్ళాను. టెలిస్కోపును ముందు దూరపు వస్తువు మీదికి తిప్పి సరిచేసుకోవాలి. డార్క్‌రూమ్ కిటికీకి కట్టిన నల్లగుడ్డ తొలగిస్తే గోదావరి అవతల సారపాక కాగితం మిల్లు పొగగొట్టం కనిపిస్తుంది, ఆవిడ దాని మీదికి తిప్పేది. టెలిస్కోపులో అన్నీ తలకిందులుగా కనబడతాయి. "మా ఊరు దిక్కు గది. పొగ కిందికి కారుతుందేందని భయపడకుండ్రి మేడం, ఊరికేం కాలే," అని నవ్వేది. రీడింగు తీయడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. పట్టకం మెల్లగా తిప్పుతుంటే గీత ఒక దిక్కుకు జరుగుతుంది, జరిగి జరిగి ఒకచోట ఆగి, వెనక్కి మళ్ళుతుంది. ఆ ఆగినచోటే కొలవాలి. ఒక ముక్క మాత్రం ఇక్కడే చెప్పాలి. నేను వెళ్ళేసరికి దిమ్మ ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. అది తయారయినప్పటి నుంచీ అలాగే ఉందనుకున్నాను. నా చదువు అంత గొప్పది.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం, మగపిల్లలందరూ అన్నానికి పోయిన వేళ, డార్క్‌రూమ్ తలుపు వేసి ఉంది. లోపల మాటలు. తోసి చూస్తే మూల స్టూలు మీద విశ్రాంతమ్మ, దిమ్మ దగ్గర ఒక అమ్మాయి. "తలుపెయ్యండ్రి మేడం, గీత పోతది," అంది విశ్రాంతమ్మ. నేనూ లోపల నిలబడి తలుపు వేశాను. ఆ చీకట్లోనే నాకు జంపక్క పరిచయం.

జంపక్కది దుమ్ముగూడెం అవతల అడవిలో కోయ ఊరు. నాన్న పగిడయ్యకు కొంచెం చేను, ఎండాకాలంలో బీడీలకు తునికాకు కోత. ఆ ఊరి నుంచి డిగ్రీకి వచ్చిన మొదటి పిల్ల. ఎంపీసీ సెకండియర్లో ముప్పై ఒక్కమంది మగపిల్లలు, ఈ పిల్ల ఒక్కతే ఆడపిల్ల. ముందు బెంచీ మొత్తం ఆమెకే వదిలేశారు. అది మర్యాద అని వాళ్ళ ఉద్దేశం. ముగ్గురు పట్టే బెంచీలో మధ్యలో ఒక్కతే కూర్చునేది. ఇంట్లో మాట్లాడే భాష ఇక్కడ ఎవరికీ రాదు. హాస్టల్లో ఆడపిల్లలందరూ బీఏలు, వాళ్ళతో లెక్కల గురించి మాట్లాడటానికి ఏం లేదు. రోజుకి పది మాటలకన్నా ఎక్కువ మాట్లాడేది కాదని నా అంచనా. ఆ పదిలో ఎనిమిది డార్క్‌రూమ్‌లోనే.

మా దగ్గర కూడా అదే పద్ధతి, ఆడపిల్లకి రీడింగులు మగపిల్లలు తెచ్చిస్తారు. రామ్‌చందర్ సారు చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషయితే పోట్లాడటం తేలిక. "నిప్పు లేనిదే పొగ రాదంటారమ్మా. మగపిల్లలతో ఆడపిల్లని చీకటి గదిలోకి పంపి, రేపేదన్నా మాటొస్తే వాళ్ళ నాయిన చదువు మానిపిస్తడు. మార్కులకేం కొదువ లేదు, నేనేస్త గదా," అనేవారు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. జూన్‌లో కాలేజీ తెరిచిన మొదట్లోనే విశ్రాంతమ్మ వెళ్ళి ఆయన్ని అడిగిందట: "నేను కూసుంట సారూ స్టూలేసుకోని. మగపిల్లలు అన్నానికి పోయినంక ఒక్క గంట. ఎవరేమంటరు?" ఆయన ఆలోచించి సరేనన్నారు. ఆఫీసు మెట్ల మీద మిగతా అటెండర్లు మాత్రం, కందకు లేని దురద కత్తిపీటకెందుకని నవ్వుకున్నారు. ఆ రోజు నుంచి విశ్రాంతమ్మ మధ్యాహ్నం భోజనం మూడింటికి మారింది.

ఇంతకీ ఆవిడ చేసే సాయమేమిటంటే, చీకట్లో కూర్చోవడం. అంతే. అంతకుముందు చదివిన ఆడపిల్లలకి కూడా ఇలా కూర్చున్నారా అని అడిగాను. "పద్నాలుగేండ్లల్ల పదకొండు మంది చేరిండ్రు మేడం. ముగ్గురు పెండ్లై పోయిండ్రు. తక్కినోళ్ళు గీ రూములకు రాకుండనే పాసై పోయిండ్రు. గప్పుడు నాకు అడిగే ధైర్యం లేకుండె," అంది. గుడ్డ పీలిక మడుస్తూ, "గీ పిల్లయిన సొంతంగ గీత చూసి పాస్ కావాలె" అంది. ఆవిడ తనకోసం ఏదైనా కావాలనడం నేను వినలేదు. కావాలన్నది ఇదొక్కటే.

జంపక్క చెయ్యి చాలా నెమ్మది. మరను గాజుగిన్నెలా ముట్టుకునేది. పెద్ద చదువుల గురించి వాళ్ళిద్దరూ మాట్లాడుకునేవారు కాదు. "ఆకుపచ్చ గీత ఆగిందమ్మా," అనేది పిల్ల. "ఆగినంక జర దాటి మల్ల ఎనక్కి రా బిడ్డా," అనేది ఆవిడ. నేను ఒక్కోసారి తలుపు వారగా నిలబడి వినేదాన్ని. కిరాయి గదిలో నాకూ మాట్లాడే మనిషి లేదు. వాళ్ళ మధ్య నాకు చోటుందని వాళ్ళు అనుకోకపోయినా, నేను అనుకున్నాను.

మార్చిలో ప్రాక్టికల్ పరీక్ష. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినరు వచ్చాడు. ఎవరు ఏ ప్రయోగం చెయ్యాలో చీటీలు తీయాలి. జంపక్కకి స్పెక్ట్రోమీటరు వచ్చింది. "ఆడపిల్ల సార్, చీటీ మార్చేద్దాం," అన్నారు రామ్‌చందర్ సారు అలవాటుగా. "ఎందుకు మార్చాలి? వచ్చింది చెయ్యాల్సిందే," అన్నాడు ఎగ్జామినరు. నాకు ఆ మనిషి కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. విశ్రాంతమ్మ అప్పటికే స్టూలు చంకన పెట్టుకుని పిల్ల వెనక బయల్దేరింది.

"ఈవిడెందుకు?"

"తోడు సారూ," అంది విశ్రాంతమ్మ.

"పరీక్షలో తోడేంటమ్మా? బయట కూర్చోండి."

తప్పు పట్టడానికి లేదు. రూలు అదే. ఆయన లోపలికి వెళ్ళి టెలిస్కోపులో కన్ను పెట్టి చూశాడు. పొద్దున్నే విశ్రాంతమ్మ చేసి పెట్టిన పని వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంది. "ఇది ముందే ఎవరో సెట్ చేసి పెట్టారు," అని వరసగా మరలన్నీ అటూ ఇటూ తిప్పేశాడు. మిగతా పిల్లల పరికరాలన్నీ కూడా అలాగే కదిపాడు, ఆ విషయంలో అందర్నీ సమానంగానే చూశాడు. "ఇప్పుడు మొదలుపెట్టు," అని బయటికొచ్చి తలుపు వేశాడు. తలుపు మూసుకునే ముందు జంపక్క మూలకి చూసింది. అక్కడ స్టూలు లేదు.

విశ్రాంతమ్మ తలుపు బయట స్టూలు వేసుకుని కూర్చుంది. పావుగంట గడిచింది. లోపల మర తిరిగిన చప్పుడు, ఆగిన చప్పుడు, మళ్ళీ తిరిగిన చప్పుడు. ఆవిడ నన్ను దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది.

"మేడం, బల్ల సమం చేసుడు నేను దానికి నేర్పలె."

"గీత కనబడుతుంది కదా?"

"కనవడ్తది. ఒక దిక్కు సక్కగనే కనవడ్తది, రెండో దిక్కు పోంగనే కిందికి జారుతది. బల్ల వంగున్నది. బల్ల కింద మూడు మరలున్నయి, అవి తిప్పి సమం చెయ్యాలె. అవి ఎందుకున్నయో గూడ దానికి తెల్వది. రోజు గంటే టైమాయె. ఆ గంటంత రీడింగులకే ఉండాలని, పొద్దుగాల నేనే సమం చేసి పెట్టేదాన్ని. ఒక్క దినం తప్పలె."

ఆ మూడు మరలు ఎందుకున్నాయో నాకూ తెలియదు. ఎనిమిది నెలలుగా ఆవిడ నాకు కూడా వడ్డించిన విస్తరే పెడుతోంది.

మగపిల్లల సంగతి వేరు. వాళ్ళు ముగ్గురేసి లోపలికి పోయి, తోసుకుని, నేను ముందంటే నేను ముందని కొట్టుకుని, రోజూ దిమ్మని చెడగొట్టేవారు. సారు తిట్టేవారు. తిట్టాక తప్పదు కాబట్టి మళ్ళీ సరిచేసుకునేవారు. అలా చెడగొట్టి చెడగొట్టి వాళ్ళకి బాగుచెయ్యడం వచ్చింది. జంపక్క ఎన్నడూ ఏదీ చెడగొట్టలేదు. చెడగొట్టే సందు ఆమెకి ఎవరూ ఇవ్వలేదు.

రెండున్నర గంటలు విశ్రాంతమ్మ ఆ స్టూలు మీద కదలకుండా కూర్చుంది. మధ్యలో ఒకసారి ఆవిడ చెయ్యి గాల్లోకి లేచి, కనబడని మరను తిప్పినట్టు తిరిగి, ఒళ్ళో పడింది. తలుపుకి రెండడుగుల దూరంలో ఉంది ఆవిడ. లోపలికి ఒక్క మాట అంటే చాలు. అనలేదు. అంటే పిల్ల పరీక్ష పోతుందని ఆవిడకి తెలుసు, అనకపోయినా పోతుందని కూడా తెలుసు. అంత ఒంటరిగా కూర్చున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

జంపక్క బయటికొచ్చి పేపరు ఇచ్చేసింది. విశ్రాంతమ్మ వైపు చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. పేపర్లో కొన్ని రీడింగులున్నాయి. వాటి కింద శుభ్రమైన అక్షరాలతో మూడు వాక్యాలు రాసింది: "బల్ల సమంగా లేదు. సమం చేయడం నాకు రాదు. కాబట్టి ఈ రీడింగులు నమ్మదగినవి కావు." రామ్‌చందర్ సారు నెత్తి కొట్టుకున్నారు. "ఏవో నాలుగంకెలు రాస్తే పాస్ చేసేటోళ్ళం గదా," అన్నారు. నాలుగంకెలు రాసి నలభై ఏడు తెచ్చుకున్న నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఎగ్జామినరు ఆ మూడు వాక్యాలు రెండుసార్లు చదివాడు. పదకొండు మార్కులు వేశాడు.

థియరీ అన్నీ పాసై ప్రాక్టికల్ ఒక్కటే తప్పింది. అక్టోబరులో సప్లిమెంటరీ రాసుకోవచ్చు, ఫైనలియర్లో కూర్చోవచ్చు. కానీ కాలేజీ తెరిచి పదిహేను రోజులైనా జంపక్క రాలేదు. హాస్టల్లో అడిగితే పెట్టె కూడా తీసుకుపోయిందన్నారు. జులై మొదటి ఆదివారం పొద్దున విశ్రాంతమ్మ నా గది ముందు నిలబడింది. చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని ఉంది. "ఇయ్యాల చర్చికి పోబుద్ది కాలే మేడం. దుమ్ముగూడెం బస్సెక్కుదాం, వస్తరా?" అంది. ఆవిడ ఆదివారం చర్చికి పోకపోవడం ఆ పద్నాలుగేళ్ళలో అదే మొదటిసారని తర్వాత తెలిసింది.

బస్సు, ఆటో, ఆ పైన గంటన్నర బురదలో నడక. ఊరి చివర చేలో తండ్రీ కూతుళ్ళు మొక్కజొన్న విత్తుతున్నారు. పగిడయ్య మమ్మల్ని చూసి వాళ్ళ భాషలో ఏదో అడిగాడు.

"మీరెందుకొచ్చిండ్రని అడుగుతుండు మా నాయిన," అంది జంపక్క. ముఖంలో కోపం లేదు, సంతోషమూ లేదు.

"తప్పు చేసిన, చెప్పిపోదామని వచ్చిన," అంది విశ్రాంతమ్మ.

"నువ్వేం చేసినవమ్మా? నాకు రాలేదు, పోయింది."

"నీకు రాకుండ చేసింది నేనే బిడ్డా. నీ పని నేను చేసి పెట్టిన."

జంపక్క నేలకేసి చూస్తూ చెప్పింది. "ఆ రూముల ఒక్కదాన్నే అయినంక స్టూలు దిక్కు చూసినమ్మా. మళ్ళ మళ్ళ చూసిన. గీత జారుతుంటే ఎందుకు జారుతుందో సమజ్ కాలే. నేను మగోళ్ళ లెక్క కాదేమో, నాకు రాదేమో అనుకున్న. భయమేసింది."

విశ్రాంతమ్మ కళ్ళు తుడుచుకుని, చేను పక్కనే ఉన్న వాళ్ళ గుడిసె ముందు మూడు రాళ్ళ పొయ్యి దగ్గరికి పిల్లని తీసుకెళ్ళింది. పొయ్యి మీద కుండ ఉంది. "గీ కుండ ఒక దిక్కు వంగితే ఏంజేస్తవ్?"

"వంగిన దిక్కు రాయి కింద పెంకు పెడ్త."

"పెట్టి?"

"మళ్ళ చూస్త. ఇంకో దిక్కు వంగితే ఆ దిక్కు పెడ్త."

"గంతే బిడ్డా. గా మూడు మరలు గివే. గంతకంటె ఏం లేదు."

జంపక్క పొయ్యి ముందు కూర్చుండిపోయింది. ఏడ్చిందో నవ్విందో నాకు తెలియలేదు, ముఖం అటు తిప్పుకుంది. పగిడయ్య మాకు జొన్నంబలి పోసి ఇచ్చాడు. తిరిగి బయల్దేరేటప్పుడు ఆ పిల్ల పొలిమేర దాకా వచ్చి, ఒక షరతు పెట్టింది.

"వస్తనమ్మా. గని నువ్వు సరిచేసి పెడితే రాను. రోజు నేనొచ్చే ముందు చెడగొట్టి పెట్టు."

ఆ మాట నిలబెట్టుకోవడానికి విశ్రాంతమ్మ పడ్డ కష్టం నేను కళ్ళారా చూశాను. పద్నాలుగేళ్ళు సరిచేసిన చెయ్యి అది. మధ్యాహ్నం పిల్ల వచ్చే ముందు లోపలికి వెళ్ళి, మరలన్నీ వదులు చేసి, తనలో తాను గొణుక్కుంటూ బయటికొచ్చేది. తర్వాత స్టూలు మీద కూర్చుని రెండు చేతులూ కొంగులో చుట్టి పెట్టుకునేది. మొదటివారం జంపక్క గంటంతా కుస్తీపట్టినా బల్ల సమం కాలేదు. చీకట్లో ఇద్దరి ఊపిరి తప్ప ఏం వినబడలేదు. "చెప్పొచ్చు కదమ్మా," అన్నాను ఉండబట్టలేక. "ఊకోండ్రి మేడం," అంది కరుగ్గా. నాతో కరుగ్గా మాట్లాడటం అదొక్కసారే. సాయంత్రం పిల్లలందరూ పోయాక మాత్రం మళ్ళీ అంతా సరిచేసి, గుడ్డ కప్పి ఇంటికి వెళ్ళేది. పొద్దున నా క్లాసుకి దిమ్మ సిద్ధంగా ఉండాలిగా. నేనూ ఆ గంటలో నేర్చుకోవచ్చు. సిలబస్ ఉంది, పేపర్లు దిద్దాలి, రేపు చూద్దాం అనుకుంటూ గడిపేశాను.

అక్టోబరులో ఇంకో ఎగ్జామినరు వచ్చాడు. విశ్రాంతమ్మ తలుపు దగ్గర కాదు, వరండా ఆ చివర కూర్చుంది. జంపక్కకి యాభైకి నలభై ఒకటి. నా నలభై ఏడు కన్నా ఆరు తక్కువ, అని నేను ఎవరికీ చెప్పలేదు.

ఫైనలియర్లో అన్నీ కరెంటు ప్రయోగాలే, డార్క్‌రూమ్‌తో పని లేదు. జంపక్క మధ్యాహ్నాలు రావడం మానేసింది. విశ్రాంతమ్మ భోజనం మళ్ళీ ఒంటిగంటకి మారింది, మళ్ళీ ఒక్కతే. 2006లో పిల్ల డిగ్రీ అయింది, బీఈడీ చేసింది, వెంకటాపురం వైపు ఆశ్రమ పాఠశాలలో టీచరైంది. ఒక్కసారీ రాలేదు. నాకు ఒళ్ళు మండేది. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, అన్నాను ఒకరోజు. విశ్రాంతమ్మ ఒప్పుకోలేదు. "పనున్నోళ్ళు రారు మేడం. వస్తే పని లేదని రంది పడాలె," అంది. తర్వాత సంవత్సరాల్లో ఇంకొందరు ఆడపిల్లలు చేరారు, ఒక ఏడు ఇద్దరు, ఒక ఏడు ఒక్కతి, ఒక ఏడు ఎవరూ లేరు. వచ్చినవాళ్ళకి మధ్యాహ్నం చెడగొట్టి పెట్టేది, నాకోసం సాయంత్రం సరిచేసేది.

2009 సెప్టెంబరు ఆఖరున ఆవిడ రిటైరైంది. శాలువా కప్పారు, దండ వేశారు. రామ్‌చందర్ సారు ఆవిడ టైముకి వచ్చేదని, ఒక్క గాజు సామాను పగలగొట్టలేదని చెప్పారు. డార్క్‌రూమ్ మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ఇన్నేళ్ళూ ఆడపిల్లల్ని బయట ఎందుకు కూర్చోబెట్టామో కూడా చెప్పాలి. నేనైనా లేచి చెప్పాల్సింది. చెప్పలేదు. నా నలభై ఏడు మార్కులు నా నోరు మూసేశాయి. ఆవిడ దండ తీసి సంచిలో పెట్టుకుని, "ల్యాబుకు తాళం ఏసొస్త," అని ఒక్కతే పైకి వెళ్ళింది. ఆటో ఎక్కించడానికి నేను కింద చాలాసేపు నిలబడ్డాను.

రెండు రోజులు సెలవులు. తర్వాతి పొద్దున క్లాసుకి ముందు డార్క్‌రూమ్ తెరిచాను. ఆ ఏడు చేరిన ఒకే ఒక్క ఆడపిల్ల, లంబాడీ తండా నుంచి వచ్చిన సోమ్లి, పుస్తకం పట్టుకుని నా వెనకే నిలబడింది. దిమ్మ మీద గుడ్డ ఎప్పటిలా నీటుగా కప్పి ఉంది. గుడ్డ తీసి టెలిస్కోపులో చూస్తే ఏమీ లేదు, మసక. బల్ల ఒరిగి ఉంది. మరలన్నీ వదులుగా ఉన్నాయి, ఒక్కటి కూడా మిగలకుండా. మొదట కోపమొచ్చింది. పోతూ పోతూ మర్చిపోయిందనుకున్నాను. ఆ మనిషి మర్చిపోదు. గుడ్డ కప్పడం మర్చిపోలేదుగా.

"ఏమైంది మేడం?" అంది సోమ్లి.

ఐదేళ్ళుగా దాచిన మాట ఆ పిల్లకి చెప్పేశాను. "ఇది సరిచెయ్యడం నాకు రాదమ్మా. ఎప్పుడూ చెయ్యలేదు. ఇద్దరం చేద్దాం, తలుపు వెయ్యి." క్లాసుకి వచ్చిన మగపిల్లల్ని మధ్యాహ్నం రమ్మని పంపేశాను. మూడు రాళ్ళ పొయ్యి మనసులో పెట్టుకుని మొదలుపెట్టాను. ఒక దిక్కు సరిచేస్తే ఇంకో దిక్కు జారింది. సోమ్లి చూస్తే నేను తిప్పాను, నేను చూస్తే సోమ్లి తిప్పింది. ఎట్టకేలకు ఆకుపచ్చ గీత రెండు దిక్కులా ఒకే ఎత్తులో నిలబడింది. మూలన స్టూలు ఖాళీగా ఉంది. నేను దాని వైపు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

సాయంత్రం బూర్గంపాడు వెళ్ళాను. విశ్రాంతమ్మ గడప మీద కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఇంట్లో ఇంకెవరూ లేరు. బల్ల సమం చేశామని చెప్పాను. ఎందుకు అలా చేసి వచ్చారని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

"ఎంతసేపు పట్టింది?" అంది.

"రెండు గంటలు. మీకు మార్కుగారు నేర్పే ఉంటారు, తొందరగా వచ్చుంటుంది."

"ఆయన నేర్పలె మేడం. నన్ను ల్యాబు గడప తొక్కనిచ్చెటోడు గాదు, ఆడోళ్ళకెందుకనేటోడు. ఆయన పోయినంకనే నేను దాన్ని ముట్టింది. ఎవరినన్న అడుగుదామంటే నవ్వుతరని భయం. అందరు పోయినంక ఒక్కదాన్నే తలుపేసుకోని తిప్పేదాన్ని." వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "నాకు ఎనిమిది నెలలు పట్టింది. పక్కన కూసునేటోళ్ళు లేకుంటే గంత పడ్తది."

తర్వాత టీ పెడతానని లోపలికి వెళ్ళింది.